స్క్రూ పన్ను లెక్కలు

బొగ్గు బాయిలో బీడీ ముట్టించడానికి లేదు. అందుకే శ్రీరాంపూర్ గనులకు పోయే మా నస్పూర్ మగవాళ్లలో చాలామందికి బుగ్గన అంబర్ పొగాకు పెట్టుకునే అలవాటు. మా ఆయనకు చిగుళ్లు అట్లనే చెడిపోయి, కింది దవడపళ్లు రెండు యాభై ఏళ్లు నిండకముందే ఊడాయి. 2023లో సింగరేణి కార్మికులకు లాభాల వాటాగా 711 కోట్లు పంచింది. మాకొచ్చిన దాంట్లోంచి 70 వేలు తీసి రెండు ఇంప్లాంట్లు, అంటే ఎముకలో బిగించే స్క్రూ పళ్లు, పెట్టించాం.

పైసలు మొత్తం చేతివే. ప్రమాదంలో దెబ్బ తగిలితే తప్ప పంటి వైద్యానికి చాలా ఆరోగ్య బీమాల్లో రూపాయి రాదు. క్లినిక్‌లో మాత్రం జీవితకాలం గ్యారంటీ అన్నారు. 1965లో స్వీడన్ డాక్టర్ బ్రానెమార్క్ పెట్టిన మొదటి ఇంప్లాంట్లు ఆ రోగి పోయేదాకా, 40 ఏళ్లు ఉన్నాయి, నిజమే. కానీ పొగాకు నమిలే నోటికి, షుగర్ అదుపులో లేని ఒంటికి, చిగుళ్ల జబ్బుతో పళ్లు పోయినవాళ్లకు అదే భరోసా ఇవ్వకూడదు. పైగా గ్యారంటీ కార్డు తీరిగ్గా చదివితే తేలింది: ఇంప్లాంట్ కంపెనీ మళ్లీ ఇచ్చేది ఉత్త స్క్రూ. ఆపరేషన్, ఎముక పొడి, క్యాప్ ఖర్చు మనదే.

ఏడాది దాటాక బ్రష్ చేసినప్పుడల్లా వెనక పన్ను దగ్గర నెత్తురు. చిగురు మీద వేలితో నొక్కితే తెల్లటి చీము చుక్క పైకొచ్చింది. "నొప్పి లేదు గదా, వాటా పడ్డంక చూద్దాం తియ్" అన్నాడాయన. నేను ఒప్పుకోలేదు. ఇంప్లాంటులో నరం ఉండదు, కాబట్టి ఎముక సగం కరిగినా నొప్పి రాకపోవచ్చు. ఎక్స్‌రేకు పోయేది వందల్లో, ఆలస్యానికి పోయేది వేలల్లో.

ఇంప్లాంట్లు పెట్టిన క్లినిక్‌లో యాంటీబయాటిక్స్ రాసి పంపారు. ఉత్త మాత్రలతో ఇది తగ్గదు, స్క్రూ చుట్టూ పేరుకున్న గారను గీకి తీయాలి. కరీంనగర్‌లో చిగుళ్ల డాక్టర్ దగ్గరికి పోతే మొదట అడిగింది క్యాప్ వేసిననాటి ఎక్స్‌రే, స్క్రూ కంపెనీ పేరు, సైజు ఉన్న స్టిక్కర్. రెండూ బ్యాంకు పాస్‌బుక్కుల సంచిలోనే ఉన్నాయి. మొదటి ఏడాది ఎముక ఒక మిల్లీమీటరు దాకా తగ్గడం మామూలే, ఆ తర్వాత ఏడాదికి 0.2 మిల్లీమీటర్లకు మించకూడదట. పాత ఫిల్ము లేకపోతే ఎంత తగ్గిందో ఎవరు చెప్పగలరు? ముందరి దానికి చిగురు వాపు ఒక్కటే, క్లీనింగ్‌తో నిలబడింది. వెనకది వేలితో తోస్తే కదిలింది. క్యాప్ లోపలి చిన్న స్క్రూ వదులైతే బిగిస్తే సరిపోయేది. ఇక్కడ ఎముకలోని ఇంప్లాంటే ఊగుతోంది. ఊగేదాన్ని ఏ మందూ నిలపదు, తీసేయాల్సిందే.

తీసేశాక ఎముక పొడి వేసి మళ్లీ పెట్టడానికి 60 వేలు చెప్పారు. అదే చోట రెండోసారి పెడితే నిలిచే అవకాశం మొదటిసారి కన్నా తక్కువని కూడా ఆ డాక్టరే చెప్పారు, ఆ మాటకు ఆయన మీద గౌరవం పెరిగింది. పోయింది చివరి దవడపన్ను. ముందరివి ఉంటే అన్నం, జొన్నరొట్టె నమలడానికి ఇబ్బంది లేదు. ఖాళీగానే ఉంచాం. ఆ 60 వేలు బిడ్డ బీటెక్ ఫీజుకు పోయాయి.

ఇంప్లాంటు పోయినంత మాత్రాన డాక్టర్ తప్పని కాదు. కానీ చీము కారుతున్నా ఎక్స్‌రే తీయకుండా మాత్రలతో నెట్టుకొస్తే అడగొచ్చు. వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్లలోపు ఫిర్యాదు చేయాలి, ఐదు లక్షల లోపు సేవకు ఫీజు లేదు. మేం అంతదాకా పోలేదు. కాగితాలు ముందు పెడితే మొదటి క్లినిక్‌వాళ్లు క్యాప్ పైసలు వాపసిచ్చారు.

మా ఆయన అంబర్ మానేశాడు. దానికి నెలకు పోయే ఆరు వందలు ఇప్పుడు పోస్టాఫీసు ఆర్డీలో వేస్తున్నా. మిగిలిన ఇంప్లాంటుకు ఆరు నెలలకోసారి క్లీనింగ్, ఏడాదికో ఎక్స్‌రే ఆ పైసలతోనే.