తగిలిన కాలు, ఆగిన పిడికిలి

2021 ఆగస్టు 7. టోక్యోలోని నిప్పన్ బుడోకాన్‌లో, ఖాళీ గ్యాలరీల నడుమ, ఒలింపిక్ కరాటే 75 కిలోల పైబడిన పురుషుల ఫైనల్ జరుగుతోంది. సౌదీ అరేబియాకు చెందిన తారెగ్ హమేది 4-1 ఆధిక్యంలో ఉన్నాడు. అంతవరకు ఆ దేశానికి ఒక్క ఒలింపిక్ స్వర్ణమూ దక్కలేదు. అంతలో అతడి కాలు ఇరాన్ క్రీడాకారుడు సజ్జాద్ గంజ్‌జాదే తలకు బలంగా తగిలింది. గంజ్‌జాదే స్పృహ తప్పి కూలిపోయాడు. అయినా స్వర్ణం అతడినే వరించింది. అదుపులేని దెబ్బ కొట్టాడంటూ హమేదిని అనర్హుణ్ణి చేశారు.

రియాద్, టెహ్రాన్‌ల మధ్య దౌత్య సంబంధాలు 2016లోనే తెగిపోయాయి. కనుక ఈ తీర్పులో రాజకీయాన్ని వెతకడం సులువు. కానీ అక్కడ పనిచేసింది నిబంధన మాత్రమే.

మసుతత్సు ఒయామా స్థాపించిన క్యోకుషిన్ బరిలోనైతే అదే తన్ను తిరుగులేని విజయం. అక్కడ ముఖంపై పిడికిలితో గుద్దడం నిషిద్ధం, తలపై కాలితో తన్నడం మాత్రం సమ్మతం. (ఈ నీతి ఎంత వింతైనదో!) బ్లాక్ బెల్ట్ పరీక్షలోనూ క్యోకుషిన్ అభ్యర్థి ఒకరి తరువాత ఒకరుగా వచ్చే ప్రత్యర్థుల దెబ్బలను ఓర్చి నిలవాలి. షోటోకాన్ అభ్యర్థి మాత్రం పూర్తి వేగంతో విసిరిన పిడికిలిని ఎదుటివాడి దేహానికి వెంట్రుకవాసి దూరంలో ఆపి చూపాలి. ఒకచోట ఓర్పుకు, మరొకచోట నిగ్రహానికి కట్టే పట్టీ రంగు ఒక్కటే. రెండుచోట్లా ఆ తొలి మెట్టు పేరు షోదాన్, అంటే ఆరంభ స్థాయి.

హమేది రజతంతో వెనుదిరిగాడు. 2024 పారిస్ క్రీడల జాబితాలో కరాటే లేదు.