కోడ్ చెప్పేది సగమే
బీజాపూర్‌లో షెడ్డు నడిపే నాకు వానలు పడ్డాక తరచూ వినిపించే మాట: "అన్నా, ఆటోమేటిక్ బండి, గేరు మారుతలేదు. గేర్‌బాక్స్ దించాలంటున్నరు." దించే ముందు స్పీడ్ సెన్సర్ చూద్దామని నేను పట్టుబడతాను.

చాలా గేర్‌బాక్సులకు రెండు సెన్సర్లుంటాయి. ఒకటి ఇంజిన్ వైపు షాఫ్టును, మరొకటి చక్రాల వైపు షాఫ్టును చూస్తుంటుంది. లోపల పళ్ల చక్రం తిరుగుతుంటే ఒక్కో పన్ను సెన్సర్ కొస ముందు నుంచి పోయినప్పుడల్లా ఒక పల్స్ పుడుతుంది. కంప్యూటర్ ఆ పల్సులు లెక్కపెడుతుంది. ఇటు 2,000 చుట్లు, అటు 1,000 చుట్లు అయితే నిష్పత్తి 2. ఆ గేరుకు ఉండాల్సింది అది కాకపోతే లోపల క్లచ్ జారుతోందని అనుమానిస్తుంది. లెక్కే అందకపోతే బండిని ఏదో ఒక గేరులో బిగించి పెడుతుంది. అదే లింప్ మోడ్.

భోపాలపట్నం మాస్టారి బండి ఆ స్థితిలోనే వచ్చింది. స్పీడోమీటరు ముల్లు సున్నా మీద పడుంది. స్కానర్‌లో పి0720 కోడ్. అంటే చక్రాల వైపు షాఫ్టు సెన్సర్ సర్క్యూట్‌లో లోపం. సర్క్యూట్ అంటే సెన్సరొక్కటే కాదు. వైరు, కప్లర్, పిన్నులు అన్నీ. అందుకే ముందు బండి కిందకి దూరాను. కప్లర్ మీద ఎర్రమట్టి పేరుకుంది, రబ్బరు సీలు చినిగింది, ఒక పిన్ను పచ్చగా చిలుం పట్టింది. శుభ్రం చేశాను, ఎలుకలు కొరికాయేమోనని వైరు పొడుగూతా తడిమాను, బాగానే ఉంది. అది రెండు వైర్ల కాయిల్ రకం. మీటరు పెడితే ఓమ్‌లు చూపించలేదు. కాయిల్ లోపలే తెగింది. మూడు వైర్ల హాల్ రకమైతే ఈ పరీక్ష పనికిరాదు, వోల్టేజి చూడాలి.

జగదల్‌పూర్ నుంచి సామాను బస్సులో రావాలి, సుమారు 160 కిలోమీటర్లు. తప్పు సామాను తెప్పిస్తే మళ్లీ అంత దూరం. అందుకే పరీక్షలో తేలాకే ఫోన్ చేస్తాను.

బండి చల్లారాక బ్యాటరీ నెగటివ్ తీసి, బోల్టు విప్పి, పాత సెన్సర్‌ను మెల్లగా అటూ ఇటూ తిప్పుతూ లాగాను. దాని కొస అయస్కాంతం కదా, బూడిదరంగు మెత్తని పేస్టు అంటుకుంది. అది మామూలు అరుగుదల. మెరిసే రేకులు కనబడితే మాత్రం గేర్‌బాక్స్ నిజంగానే ప్రమాదంలో ఉన్నట్టు. అప్పుడు యజమానికి అక్కడే చూపించి చెప్పాలి. కొత్తదాని ఓ-రింగ్‌కు ఏటీఎఫ్ ఆయిల్ రాసి చేత్తోనే నొక్కాను. సుత్తి తగిలితే కొస పగులుతుంది, బోల్టుతో లాగి కూర్చోబెట్టినా చెవి విరుగుతుంది. కప్లర్ సీలూ మార్చాను.

ఆయిల్ మట్టం చూసి, కోడ్ చెరిపి, మాస్టారిని పక్కన కూర్చోబెట్టుకుని భోపాలపట్నం రోడ్డెక్కాను. ముల్లు లేచింది, మూడులోంచి నాలుగులోకి కుదుపు లేకుండా పడింది.

"గేర్‌బాక్స్ దించక్కర్లేదా?" అన్నారాయన.

"ఇప్పుడు కాదు సార్. నీళ్లలోంచి పోయొచ్చినప్పుడల్లా ఈ కప్లర్ ఒకసారి చూపించండి."