ఏ జాడీలోని తొక్కు రుచి చూశారు?

మాది లింగాల ఘనపూర్. ఇప్పుడు జనగామ జిల్లా, 2016 దాకా వరంగల్ జిల్లాయే. ఆ పాత జిల్లాలో ఘనపూర్ ఒకటి కాదు సుమండీ! రైలాగే స్టేషన్ ఘనపూర్ ఒకటి, ములుగు వైపు ఇంకొకటి, తర్వాత మాది. ఒట్టి "ఘనపూర్" అని చెప్పి ఊరుకున్నామా, వచ్చే చుట్టాలు స్టేషన్ ఘనపూర్‌లో దిగి ఫోన్ చేస్తారు. కంప్యూటర్లకూ ఇదే తంటా ఉందని మా అమ్మాయి వల్ల తెలిసింది.

2021లో కరోనా మూలంగా దానికి ఇంటి నుంచే ఉద్యోగం. చంటిపిల్లతో మా దగ్గరికొచ్చి పని చేసుకునేది. సాఫ్ట్‌వేర్ బయటికి పోకముందే తప్పులు పట్టడం దాని పని. అన్ని మీటలూ మనిషే కూర్చుని నొక్కాలంటే అయ్యేదేనా? అందుకని నొక్కడానికి ఇంకో ప్రోగ్రాం రాస్తారు. రాత్రి పప్పు నానబోసినట్టు దాన్ని పెట్టి పడుకుంటే, తెల్లారేసరికి ఏది పాసో ఏది ఫెయిలో రాసి ఉంటుంది.

ఆ వారం మందుల దుకాణాల బిల్లుల ప్రోగ్రాం కొత్తది విడుదల కావాలి. అన్నీ పాస్! పైవాళ్లు "ఇక పంపేద్దాం" అంటున్నారు. ఇదేమో ముఖం ముడుచుకుని కూర్చుంది. "కొత్తదాంట్లో ఒక బొత్తాం పేరు మార్చారమ్మా. పాత పేరుతో నొక్కితే ఫెయిల్ కావాలి కదా, ఎట్లా పాసైంది?" అంది.

చూడండి, ప్రోగ్రాంను నడిపించే అసలు ఫైలును ఎక్జిక్యూటబుల్ అంటారట. పేరు మాత్రమే చెబితే అది ఎక్కడుందో వెతకడానికి కంప్యూటర్ దగ్గర "పాత్" అనే చిట్టా ఉంటుంది. మొదట ఈ అర, తర్వాత ఆ అర అని వరస. ఆ పేరున్నది మొదట ఎక్కడ దొరికితే అక్కడే ఆగిపోతుంది. వెనకాల ఇంకొకటి ఉందేమోనని చూడదు.

మన వంటింట్లోనూ అంతే కదండీ! పోయినేటి మామిడికాయ తొక్కు జాడీ ముందు, ఈ ఏటిది వెనక ఉందనుకోండి. వడ్డించడానికొచ్చిన పక్కింటావిడ ముందున్న జాడీయే తీస్తుంది. తిన్నవాళ్లు "బాగుంది" అంటారు. ఈ ఏటి తొక్కులో ఉప్పు చాలిందో లేదో ఎవరికి తెలిసినట్టు?

విండోస్‌లో "వేర్" అని కొట్టి పక్కన ఫైలు పేరు రాస్తే, ఆ పేరుతో పాత్‌లో ఎన్ని ఉన్నాయో పూర్తి చిరునామాలతో వరసగా చూపిస్తుంది. లినక్స్‌లో అయితే "విచ్", అది మొదటిదాన్నే చూపిస్తుంది. మా అమ్మాయి కొట్టగానే రెండు చిరునామాలు వచ్చాయి. పైన ఉన్నది పాతది!

వెబ్ పేజీలను పరీక్షించే సెలీనియం ఉంది కదా, 2004లో షికాగోలో జేసన్ హగ్గిన్స్ మొదలుపెట్టినది, అమీర్‌పేటలో కోచింగ్ తీసుకున్న పిల్లలెవరినడిగినా చెప్తారు. బ్రౌజర్‌ను నడిపే డ్రైవర్ ఫైలు పాత్‌లో లేకపోతే అదీ మొండికేసేది. 2022లో వచ్చిన 4.6 నుంచి తనే వెతుక్కుంటోంది. కానీ సొంత ప్రోగ్రాం ఎక్కడుందో మనమే చెప్పాలి.

మా అమ్మాయి టెస్టులో పూర్తి చిరునామా రాసింది. మొదలుపెట్టగానే "నీ వెర్షన్ ఎంత?" అని ప్రోగ్రాంనే అడిగి, కొత్తది కాకపోతే ఆగిపొమ్మని కూడా పెట్టింది. చంటిదాన్ని నేను భుజానేసుకుని తిప్పుతుంటే మళ్లీ నడిపింది. బొత్తాం సంగతి సరే, గడువు తీరిన మందును కొత్త ప్రోగ్రాం అమ్మకానికి చూపిస్తోంది! ఆ రాత్రే పైవాళ్లకు రాసింది. విడుదల ఆపారు.