పిడికెడు బియ్యము

దేవాలయములు ధనవంతుల దానముచేతనే లేచునని లోకులు తలంతురు. అది కొంతవఱకే సత్యము.

మేము నాచారమున కాపురముండువారము. మాకు చేరువనే, సికింద్రాబాదులో, ఆంగ్లసైనికులకై 1813లో వెలసిన సెయింట్ జాన్స్ చర్చి కలదు. దానిని చిన్ననాటినుండి యెఱుగుదుము. అయినను మా మనస్సును పట్టినది, ఉప్పలు మీదుగా ఓరుగల్లు త్రోవను పోయి చూచిన డోర్నకల్ దేవాలయము.

1912 డిసెంబరు 29న వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు కలకత్తాలో బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికన్ సంఘమున ఆ పదవినందిన భారతీయులలో వారే ప్రథములు. వారి గ్రామసంఘములలో పెక్కుమంది అంటరానివారని త్రోయబడిన కూలివారు. తెలుగువారి ప్రార్థనాలయము తెలుగునేలకు పరాయిగా నుండరాదని వారి సంకల్పము. అందుచే ఆ కట్టడమున మసీదులను బోలిన గుమ్మటములు, మీనారులు, కోవెల మండపములను తలపించు స్తంభములు ఒక్కచో నమరినవి. పని యేండ్లతరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగెను. 1947 సెప్టెంబరు 27న పలు సంఘము లేకమై దక్షిణ ఇండియా సంఘ మేర్పడగా, ఈ రెండు మందిరములును అందు చేరినవి.

ఆ మండలమున గృహిణులు ఎసట బియ్యము పోయునపుడెల్ల ఒక పిడికెడు తీసి దేవునికై వేఱుకుండలో నుంచెడివారు. ఇందలి మర్మము గ్రహింపుడు. కూలిడబ్బు మగని చేతిది. వంటగింజ మాత్రము ఆమె చేతిది. ఎవరిని అడుగకయే ఆమె యీయగలిగిన దానమదియే!

మొన్న మా సంఘమున క్రొత్త మందిరమునకై చందాలు కూడగట్టుచు, పెద్దమొత్తము లిచ్చిన వారి పేర్లే శిలపై చెక్కింపవలెనని పెద్దలు నిశ్చయించిరి. మా స్త్రీలకు మనసొప్పలేదు. పిడికెడు బియ్యము తూచితిమి: సుమారు 50 గ్రాములు. రెండుపూటలకు 100. ఏడాదికి ఇంటికి 36 కిలోలకు పైమాట. నలుబది యిండ్లకు 1,460 కిలోలు! ఈ లెక్కను పెద్దల ముందుంచి, “అయ్యా, దీనికి శిలపై చోటు లేదా?” యని యడిగితిమి. వారు చాలసేపు మాటాడరైరి. తుదకు “గృహిణుల పిడికెడు బియ్యము” అను పంక్తిని మొట్టమొదట చెక్కించుటకు సమ్మతించిరి.

సోదరీమణులారా! మీ యింట, మీ యూర, మీ చేతిగింజ యే గోడలో నిలిచియున్నదో విచారింపుడు. ఆ లెక్కను మీ కుమార్తెలకు వ్రాసి యిండు.