అమ్మగారికి ఫ్యానుగాలి

గుడియాత్తంలో వైకాశి మొదటిరోజున జరిగే గంగమ్మ శిరస్సు ఉత్సవం చూడాలని మా అమ్మగారి చిరకాల కోరిక. రెండురోజులు ముందుగానే పడకలున్న వ్యానులో బయలుదేరినాము. వేలూరులో నడిరాత్రి బ్యాటరీ అయిపోయి ఫ్యాను నిలిచింది. ఆమెదా ఉబ్బసం! తెల్లవార్లూ విసనకర్రే గతి.

ఉదయమే అంగడికి పోయినాము. పాతది 12 వోల్టులు, 100 ఆంపియర్ అవర్లు. కొని నాలుగు నెలలే. పెద్దది కొనమన్నారు గాని, జత కుదరదని అదే రకం, అదే కొలత తీసుకొన్నాము. రెంటినీ నిండా ఛార్జి చేయించి, ప్లస్సుకు ప్లస్సు, మైనస్సుకు మైనస్సు కలిపించి, వేరువేరు ఫ్యూజులు పెట్టించాము. గొలుసుగా కలిపితే 24 వోల్టులై ఫ్యాను మాడిపోదూ!

మరునాటి రాత్రి గుడియాత్తంలో ఫ్యాను ఆగలేదు. తెల్లవారినాక దారిపొడుగునా టెంకాయలు పగులుతుండగా శిరస్సు గోపాలపురం గుడికి సాగింది. అమ్మగారు మా భుజం పట్టుకొని, నిలబడే చూశారు.