డిక్కీలో వచ్చిన సంక్రాంతి

ఈ వార్షిక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రులు అడిగినప్పుడు, రసాయనశాస్త్రం చదువుకునేవాడికి వ్యాసాలెందుకని తప్పించుకోజూశాను. "పోనీ, మీ ఊరి సంగతేదైనా వ్రాయవోయ్" అన్నారు. ఊరనగానే నాకు ముందు గుర్తుకొచ్చేది పొలమూ కాదు, చెరువూ కాదు, ఒక కారు డిక్కీ. నవ్వకండి. ఎందుకో చెబుతాను.

మాది పర్చూరు దగ్గర ఒక నల్లరేగడి పల్లె. మా తాతయ్య పుట్టేనాటికి అది గుంటూరు జిల్లా. 1970లో కొత్త జిల్లా ఏర్పడితే అందులోకి వెళ్ళింది. 1972లో ఆ జిల్లాకు ప్రకాశం పంతులుగారి పేరు పెట్టారు. 2022 ఏప్రిల్‌లో బాపట్ల జిల్లా అయింది. మేం మాత్రం అడుగు కదలలేదు. "జిల్లాలు మారినయ్యిగాని అప్పులు మారలేదురా" అంటుంది మా నాయనమ్మ. సొంతం ఎకరంన్నర, కౌలు మూడెకరాలు. పత్తి, మిరప, రబీలో శనగ. నాన్న చేసే వ్యవసాయమంతా అంతే.

మాకు దగ్గరి టౌనులో బస్టాండు దాటగానే వేపచెట్టు కింద కార్ల స్టాండు ఉంది. ఇరవై దాకా కార్లుంటాయి. కొన్ని సొంతవి, ఎక్కువ ఫైనాన్సువి. పెళ్ళిళ్ళకు, తిరుపతికి, గుంటూరు ఆసుపత్రులకు, హైదరాబాదు విమానాశ్రయానికి కిరాయికి పోతుంటాయి. అందరిలోకి పెద్దాయన్ని చిన్నాపెద్దా "బాబాయ్" అనే పిలుస్తారు. ఆయన దగ్గర తెల్ల అంబాసిడరు ఒకటుంది. ఆ కార్ల తయారీ 2014లోనే ఆగిపోయినా, ఆయన దాన్ని అమ్మలేదు. కిరాయికీ తిప్పడు. దసరాకు పూజ చేసి చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి ఒక్క చుట్టు తిప్పుతాడు. మళ్ళీ సంక్రాంతికి బయటికి తీస్తాడు. దాని డిక్కీలో ఎన్ని బియ్యం మూటలు పడతాయో నాకు నోటికి వచ్చు.

ఈ వ్యవహారం మొదలైనప్పుడు నేను ఆరో తరగతి. ఒకరోజు స్టాండులోని కుర్రాడొకడు ఒక ముసలి దంపతుల్ని గుంటూరు పెద్దాసుపత్రికి తీసుకెళ్ళి తెచ్చాడట. దిగేటప్పుడు ఆ ముసలమ్మ కొంగుముడి విప్పి, పది రూపాయల నోట్లు ఒక్కొక్కటే లెక్కపెట్టసాగింది. సగం లెక్క కూడా కాకముందే వాడు కారు తిప్పుకుని వచ్చేశాడు. "డీజిలు ఖర్చు నెత్తినపడింది, కాని ఆ నోట్లు పుచ్చుకోలేకపోయా బాబాయ్" అన్నాడట. ఆ సాయంత్రమే బాబాయ్ ఒక పాత డాల్డా డబ్బాకు మూత కోసి, వేపచెట్టు మొదట్లో కట్టాడు. దూరపు కిరాయి తగిలిన ప్రతివాడూ అందులో ఇరవై రూపాయలు వెయ్యాలి. ఆ సంక్రాంతికి పన్నెండు ఇళ్ళకు బియ్యం, కందిపప్పు, బెల్లం, నూనె, ముసలివాళ్ళున్న చోట ఒక దుప్పటి ఇచ్చారు. రసీదు లేదు, రిజిస్ట్రేషను లేదు, బోర్డు లేదు.

2020 మార్చి ఆఖరున లాక్‌డౌన్ వచ్చి కార్లన్నీ టార్పాలిన్ల కింద పడుకున్నాయి. కిరాయి లేదు, ఫైనాన్సు వాయిదా మాత్రం ఉంది. అప్పుడా డబ్బా తెరిచి, ఎవరింట్లో పొయ్యి వెలగడం లేదో చూసి వాళ్ళలో వాళ్ళే పంచుకున్నారు. ఆ సంగతి దాచుకోలేదు. "పెట్టే చెయ్యి కూడా ఒకనాడు చాచాల్సొస్తది. తెలిసినోడే సరిగ్గా పెడతాడు" అన్నాడు బాబాయ్. అప్పటికి నాకా మాట లోతు తెలియదు.

తెలియడానికి రెండేళ్ళు పట్టలేదు. 2021లో మిరపతోటలు పూతకొచ్చే వేళకు నల్ల తామర పురుగు వచ్చిపడింది. త్రిప్స్ పార్విస్పైనస్ దాని శాస్త్రీయ నామం. ఆగ్నేయాసియా జాతి. పొడుగు ఒక మిల్లీమీటరుకు అటూ ఇటూ. మామూలు తామర పురుగు ఆకును పట్టి ముడతలు తెస్తుంది. ఇది పూవులోకే దూరి కూర్చుంటుంది. కొట్టిన మందు దానిదాకా పోదు. పూత రాలిపోయాక కాయెక్కడిది? నాన్న వారానికి రెండుసార్లు మందు కొట్టాడు. ఎరువుల కొట్టువాడు ఏ డబ్బా ఇస్తే ఆ డబ్బా. ఒక పూవు తుంచి తెల్లకాగితం మీద దులిపితే నల్లటి చుక్కలు పరుగెత్తేవి. ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్న నేను వాటిని లెక్కపెట్టి నోటుబుక్కులో వ్రాసుకున్నాను. సైన్సు విద్యార్థిగా నేను చేయగలిగింది అంతే. డిసెంబరులో నాన్న తోటంతా ట్రాక్టరుతో దున్నించేశాడు. ట్రాక్టరు వెనక నడిచి వచ్చి, కాళ్ళు కడుక్కోకుండా మంచమెక్కి పడుకున్నాడు.

2022 భోగికి ముందురోజు, బాగా చీకటిపడ్డాక, మా వాకిట్లో అంబాసిడరు ఆగింది. బాబాయ్ డిక్కీ తెరిచి సంచీ తీసి అరుగు మీద పెట్టాడు.

"ఇదేందయ్యా, మాకెందుకు? మేం పెట్టేవాళ్ళమేగాని పుచ్చుకునేవాళ్ళం కాదు" అంది నాయనమ్మ.

"పెద్దమ్మా, నేనెవరో గుర్తుపట్టలా? మీ ఊళ్ళో నాగళ్ళు చెక్కిన వడ్రంగి కొడుకుని. మీ ఆయన కళ్ళంలో మా అయ్యకు మేర కొలుస్తుంటే గోనెసంచి పట్టుకు నిలబడ్డోణ్ణి. పంటపోయిన ఏడు కూడా కొలత తగ్గించలా. ఇయ్యాళ ఆ గింజల్లోయే కాసిని తెచ్చా. ఇది దానం కాదు, బాకీ."

మేర అంటే ఏమిటో హాస్టలు మిత్రులకు చెప్పాలి. వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి ఏడాదంతా రైతులకు పని చేసేవారు. పంట కళ్ళానికి రాగానే వాళ్ళ వాటా గింజలు కొలిచేవారు. అది దయ కాదు, కూలి. అందులో అన్యాయాలూ ఉన్నాయి. తక్కువ కొలిచినవాళ్ళూ, నాలుగు మాటలని కొలిచినవాళ్ళూ ఉన్నారని బాబాయే నాకు తరువాత చెప్పాడు. కాని ఆ రాత్రి ఆయన దాన్ని ఎందుకెత్తాడో నాయనమ్మకు అర్థమయింది. మారుమాట లేకుండా సంచీ లోపలికి తెచ్చింది.

నాన్న గోడకేసి తిరిగి కూర్చున్నాడు. బయటికి రాలేదు. కారు వెళ్ళిపోయాక, "నాతో చెప్పకుండా ఎందుకు పుచ్చుకున్నావే అమ్మా?" అన్నాడు.

"పెట్టడం మీ నాయన నేర్పాడు. పుచ్చుకోవడం నీకెవరూ నేర్పలా. అది నేను నేర్పుతున్నా. లే, వచ్చి అన్నం తిను."

మర్నాడు ఆ బెల్లంతోనే అరిసెలు వండింది. నాన్న రెండు తిన్నాడు. ఆ ఏడు మా ప్రాంతంలో ఇటువంటి కష్టంలో పడి, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడకుండా ప్రాణాలు తీసుకున్న రైతుల సంగతి వింటూనే ఉన్నాం. అందుకే ఆ రెండు అరిసెలు మా అమ్మ కళ్ళకు ఎంతగా కనబడ్డాయో నేను వ్రాయలేను.

అదే చలికాలం వేరొకరు కూడా ఊరికి దుప్పట్లు తెచ్చారు. ఎవరన్నది అనవసరం. బడి ముందు ఫ్లెక్సీ కట్టారు, మైకు పెట్టారు, ముసలివాళ్ళను ఎండలో వరుసలో నిలబెట్టారు. ఒక దుప్పటికి అయిదుగురు చేతులు వేసి ఫొటో తీయించుకున్నారు. సాయంత్రానికి ఆ ఫొటో తిరిగి తిరిగి నా ఫోనులోకే వచ్చింది. మధ్యలో మా నాయనమ్మ! దాచబోయాను. "నేనెట్టా పడ్డానో చూపించు" అంది. చాలాసేపు చూసి, "చీర మాసింది. ముందే చెప్పుంటే ఉతికింది కట్టుకుపోయేదాన్నిగా" అంది. దుప్పటి మంచిదే. ఇప్పటికీ కప్పుకుంటుంది. ఇచ్చినవాళ్ళకు చెడ్డ ఉద్దేశం ఉందని నేననను. కాని ఆ మాట మాత్రం నా చెవిలో ఉండిపోయింది.

మరుసటి సంవత్సరం మిరప ధర లేచింది. గుంటూరు యార్డులో క్వింటా 20,000 దాటింది. నాన్న కాయ అమ్ముకుని వస్తూ దారిలో స్టాండు దగ్గర దిగి, డబ్బాలో నాలుగు అయిదువందల నోట్లు మడిచి వేశాడట. మాకు చెప్పలేదు. బాబాయ్ చెప్పాడు.

2025 సంక్రాంతి సెలవులకు నేనూ వాళ్ళతో తిరిగాను. నలభై ఒక్క సంచీలు. మూతులు కుట్టేసరికి వేళ్ళు బొబ్బలెక్కాయి. ఆ రోజుల్లోనే అమెరికాలో ఉన్న మా పెదనాన్నగారబ్బాయి ఫోనులో పలకరించి, నేను చేసే పని విని ఆశ్చర్యపోయాడు. అక్కడ పాతకార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళకు క్లబ్బులుంటాయట. క్రిస్మస్‌కు ముందు కార్లను వరుసగా నిలబెట్టి, చూడవచ్చినవాళ్ళు తెచ్చే పిల్లల బొమ్మలు, డబ్బాల్లో ఆహారపదార్థాలు పోగుచేసి, చుట్టుపక్కల పేద కుటుంబాలకు, వృద్ధులకు అందజేస్తారట. 'టాయ్స్ ఫర్ టాట్స్' అనే బొమ్మల పంపిణీని 1947లో లాస్ ఏంజిలిస్‌లో మెరైన్ రిజర్వు సైనికులు మొదలుపెడితే, మరుసటి సంవత్సరానికే అది ఆ దేశమంతా వ్యాపించింది. ఈ సంగతి చెబితే బాబాయ్, "అయితే వాళ్ళకూ డిక్కీలున్నయ్యన్నమాట" అని నవ్వాడు.

మా జాబితాలో ఒక రెండంతస్తుల మేడ ఉంది. పైన సోలారు పలకలు, గేటుకు రంగు. ఒక కొడుకు బెంగుళూరు, ఒక కొడుకు అమెరికా. లోపల ఒక్కతే ముసలావిడ. "ఈవిడకేం తక్కువ బాబాయ్?" అన్నాను. "ఆవిడక్కావలసింది బియ్యం కాదు, కారు" అన్నాడు. చీరాలలో ఉన్న చెల్లెల్ని చూసి ఆవిడకు రెండేళ్ళయిందట. బస్సెక్కలేదు. కిరాయికారు తెప్పించుకోవడానికి డబ్బుంది, ఎవర్నడగాలో తెలియదు, అడగడానికి మొహమాటం. అంబాసిడరు ముందు సీట్లో కూర్చుని, దారి పొడుగునా ఏ పొలం ఎవరిదో, ఎవరెవరికి అమ్మారో చెబుతూనే ఉంది. చీరాలలో అక్కచెల్లెళ్ళిద్దరూ గుమ్మంలో పట్టుకుని నిలబడిపోతే మేం కారు తుడుస్తున్నట్టు నటించాం.

తిరిగివచ్చేటప్పుడు చేలగట్టున పట్టాలతో వేసిన గుడిసెలు కనిపించాయి. ఆదోని వైపు నుంచి మిరపకాయ కోతకు వచ్చిన కుటుంబాలు. వాళ్ళ పేర్లు మా జాబితాలో లేవు. "వాళ్ళు మన ఊరోళ్ళు కాదుగా, ఒకసారి మొదలెడితే ఆపలేం" అన్నారు కుర్ర డ్రైవర్లిద్దరు. వాళ్ళన్నదాంట్లోనూ నిజముంది, డబ్బా అడుగుకొచ్చింది. బాబాయ్ కాసేపు స్టీరింగు మీద తాళం వేసి, "మన కాయ కోసే చేతులు మనవి కాకుండా ఎట్టా పోతాయిరా?" అన్నాడు. మిగిలిన డబ్బుకు ఎనిమిది దుప్పట్లు వచ్చాయి. గుడిసెలు పదకొండు. మూడింటికి అందలేదు. ఆ మూడు గుడిసెల ముందు ఏం చెప్పాలో నాకు తెలియక తల వంచుకున్నాను. దుప్పటి అందిన ఒకామె మమ్మల్ని ఊరికే పోనివ్వలేదు. ఒక్కొక్కరికి ఒక్కొక్క జొన్నరొట్టె పెట్టింది. ఆమె వేళ్ళు మిరపఘాటుకు ఎర్రగా పొంగి ఉన్నాయి.

దానధర్మాలతో దారిద్ర్యం పోతుందా అని పెద్దలు అడగవచ్చు. పోదు. నెలనెలా ఒకటో తారీఖున వచ్చే పింఛను 2024 జూలై నుంచి 4,000 రూపాయలయింది. నాయనమ్మ మందులు దానిమీదే నడుస్తున్నాయి. దాని ముందు ఏడాదికొక సంచీ ఏపాటి? 2025లో మళ్ళీ మిరప ధర పడిపోతే, ఫిబ్రవరిలో కేంద్రం క్వింటాకు 11,781 రూపాయల ధర ప్రకటించవలసి వచ్చింది. గిట్టుబాటు ధరా, కౌలురైతుకు అప్పూ డాల్డా డబ్బాలోంచి రావు. వాటికోసం అడగవలసిన చోట్లు వేరే ఉన్నాయి, అడగాలి కూడా. కాని అవి వచ్చేలోపల ఒక మనిషి గోడకేసి తిరిగి కూర్చుంటాడు. అతని వాకిట్లో ఒక కారు ఆగాలి. నాకు తెలిసినంతవరకు ఈ పనికున్న విలువ అంతే. అంతే అయినా అది తక్కువేం కాదు.

మిత్రులారా, మీ ఊళ్ళలోనూ కార్ల స్టాండ్లుంటాయి, ఆటో స్టాండ్లుంటాయి, ట్రాక్టర్లున్న ఇళ్ళుంటాయి. సంక్రాంతి సెలవుల్లో ఒక్క పూట వెళ్ళి అడిగి చూడండి. సంచీలు కుట్టేవాళ్ళు ఎప్పుడూ తక్కువే.

ఇప్పుడు మా ఊరి జాబితా నాన్నే వ్రాస్తున్నాడు. ధనుర్మాసం పట్టగానే చీకట్లో వీధులెంట నడుస్తూ ఎవరింట్లో పొగ లేస్తోందో, ఎవరింట్లో లేవడంలేదో చూస్తాడు. ఇంటికొచ్చి నా పాత నోటుబుక్కులోంచి ఒక కాగితం చింపి పేర్లు వ్రాస్తాడు. మాకెవ్వరికీ చూపడు. పంపకం అయిపోయాక ఆ కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకుంటాడు. తెల్లవారుజామున భోగిమంటలో అందరూ పిడకలు వేస్తుంటే, నాన్న ఆ కాగితం వేస్తాడు.

— బి.ఎస్సీ. తృతీయ సంవత్సరం (రసాయనశాస్త్రం)