కొన్న యాట యెవరిది?

ధర చెల్లించి తెచ్చుకొన్న వస్తువు కొన్నవారిది. ఈ మాటకు మన సంతలలో వ్యాఖ్యానము అక్కరలేదు. తొగుట యిండ్లలో పచ్చీసు గుడ్డయైనను, వామనగుంటల పీటయైనను తల్లినుండి కూతునకు దక్కును. పీట చేసిన వడ్రంగి పని మానుకొన్నను ఆట ఆగదు. నేడు పిల్లల యాట సెల్‌ఫోనులోనికిని, కంప్యూటరులోనికిని చేరినది. దానికిని మనము సొమ్ము చెల్లించుచున్నాము. కాని అది మనదగుచున్నదా యని చదువరుల నడుగుచున్నాము.

అట్టి యాటల నమ్ము అంగళ్లు ఆన్‌లైనులో పెక్కు గలవు. 2003లో వెలసిన స్టీమ్ వానిలో మిక్కిలి పెద్దది. ఒక యంగడిలో కొన్నది సాధారణముగా వేరొక యంగడి ఖాతాలో తెరువబడదు. పెక్కింటికి తాళముచెవి అమ్మినవారి చేతనే యుండును. 2014లో యూబీసాఫ్ట్ సంస్థ ‘ది క్రూ’ అను కార్ల పందెపు టాటను విక్రయించెను. అది సంస్థ నడుపు సర్వర్ల నాశ్రయించి సాగునది. 2024 మార్చి 31న ఆ సర్వర్లను నిలిపివేయగా, డిస్కు చేతనున్నవారు సైతము ఆడజాలకపోయిరి.

లోపము మాటలోనే కలదు. మీటపై ‘కొనుము’ అని వ్రాసి, లోపల అనుమతి మాత్రమే యిచ్చుచున్నారు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రము 2024లో చట్టము చేసి, ఇట్టి సరకును అమ్మునపుడు ఇది అనుమతి మాత్రమేయని స్పష్టముగా తెలుపక ‘కొనుము’ అనరాదని శాసించెను. అది 2025 జనవరి 1 నుండి అమలులోనికి వచ్చెను. మాట సరియైనది, వస్తువు మాత్రము ఇంకను మనది కాలేదు.

ఆట నిర్మించినవారి కష్టము దొంగప్రతుల పాలు కాకుండ తాళము వేయుట న్యాయమే కదా యని కొంద ఱడుగవచ్చును. అమ్మకము సాగునంతవఱకు న్యాయమే. అంగడి మూసి, చెవిని వెంటగొనిపోవుట మాత్రము న్యాయము కాదు. తాళము లేకయు వ్యాపారము సాగునని 2008 నుండి జీఓజీ అను అంగడి చూపుచున్నది. అచ్చట కొన్న యాటను దింపుకొని మన యింటనే దాచుకొనవచ్చును.

ఇక మన చట్టముల సంగతి. 1954 నాటి చట్టము ననుసరించి ప్రకాశకులు ప్రతి పుస్తకమును కలకత్తా జాతీయ గ్రంథాలయమునకును, మఱి మూడు గ్రంథాలయములకును పంపవలెను. ఆ చట్టము ఆటల మాట యెత్తదు. కాపీరైటు చట్టమునకు 2012లో జరిగిన సవరణ, లాభాపేక్ష లేని ప్రజాగ్రంథాలయము ఒక కృతిని ఎలక్ట్రానిక్ రూపమున భద్రపఱచవచ్చు ననెను. కాని ఆ కృతికి డిజిటల్ కాని ప్రతి ముందుగానే అచ్చట నుండవలెనని షరతు పెట్టెను. పుట్టుకతోనే డిజిటలైన యాటకు అట్టి ప్రతి యెక్కడిది?

ఆటలకై యింత చింత యేలయని పెద్దలు నవ్వవచ్చును. మా మండలములో వేములఘాట్, పల్లెపహాడ్, ఏటిగడ్డ కిష్టాపూర్ గ్రామములు మల్లన్నసాగరము క్రింద మునిగినవి. ఆ నష్టముతో ఈ నష్టమును తూచుట మా యుద్దేశము కాదు. ఐనను ఇల్లు విడిచి పోవువారి వెంట మాటయు, పాటయు, ఆటయు పోగలవు. అవి యొకరి యనుమతిపై నిలిచినవి కావు. మన పిల్లల బాల్యములో సగము ఈ క్రొత్త యాటలలోనే గడచుచున్నది. అది వారి వెంట రాకుండ పోవుట చిన్న నష్టము కాదు.

కావున సొమ్ము చెల్లించుటకు ముందు తల్లిదండ్రులు ఒక్క ప్రశ్న వేయవలెను: ఈ యంగడి రేపు మూతపడిన, ఆట మన యింట నాడునా? ఆడునదాని నెన్నుకొనుడు. గ్రంథాలయములకు గల ఆ షరతును తొలగింపుమని మన ప్రతినిధుల నడుగుడు. పీటను దాచినవారికి ఆటను దాచు హక్కును ఉండవలెను.